బ్రిటన్‌లో ఉద్యోగం పోతే: నిరుద్యోగ భృతి ఎలా అడగాలి, ఊళ్ళో ఉన్న ప్లాటు దాన్ని ఎలా మారుస్తుంది

బ్రిటన్‌లో ఉద్యోగం పోయినవాళ్ళకి ప్రభుత్వం నుంచి డబ్బు వచ్చే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి, జీతంలోంచి మీరు కట్టిన నేషనల్ ఇన్సూరెన్స్ లెక్క చూసి ఇచ్చే జాబ్‌సీకర్స్ అలవెన్స్. రెండోది మీ ఇంటి ఆదాయం, ఆస్తి చూసి ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్. ఈ రెండింటినీ కలిపి ఒకటే అనుకోవడం వల్ల మనవాళ్ళు రెండు రకాలుగా నష్టపోతున్నారు. "బ్యాంకులో పొదుపు ఉంది కదా, మనకి రాదులే" అని రావలసింది వదులుకునేవాళ్ళు కొందరు. హైదరాబాద్‌లో ఉన్న ప్లాటు సంగతి చెప్పకుండా ఫారం నింపి, ఏడాది తర్వాత మొత్తం వెనక్కి కట్టమన్న ఉత్తరం అందుకునేవాళ్ళు ఇంకొందరు. రెండూ తప్పించుకోదగ్గవే.

కింద ఇచ్చిన అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. ప్రతి ఏప్రిల్‌లో రేట్లు మారతాయి కాబట్టి, మీరు దరఖాస్తు చేసే రోజున గవ్ డాట్ యూకే సైట్‌లో సరిచూసుకోండి. ఇది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లకు వర్తిస్తుంది. ఉత్తర ఐర్లండ్‌లో దాదాపు ఇవే నియమాలు ఉన్నా ఆఫీసులు వేరు.

మొదట వీసా చూసుకోండి

ఏ ఫారం తెరవకముందే మీ వీసా మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్", అంటే ప్రభుత్వ సాయాలు తీసుకోకూడదు అనే షరతు ఉందో లేదో చూడండి. స్కిల్డ్ వర్కర్, గ్రాడ్యుయేట్, స్టూడెంట్, స్పౌజ్ వీసాల మీద సాధారణంగా ఈ షరతు ఉంటుంది. ఐఎల్ఆర్, అంటే గడువు లేని నివాస అనుమతి, వచ్చినవాళ్ళకి, బ్రిటిష్ పౌరులకి ఉండదు.

షరతు ఉంటే యూనివర్సల్ క్రెడిట్ జోలికి పోకూడదు. అది పబ్లిక్ ఫండ్స్ జాబితాలో ఉంది. తీసుకుంటే రేపు వీసా పొడిగింపుకి, ఐఎల్ఆర్‌కి చిక్కు వస్తుంది. కానీ నేషనల్ ఇన్సూరెన్స్ మీద ఆధారపడిన న్యూ స్టైల్ జాబ్‌సీకర్స్ అలవెన్స్, మాటల్లో జేఎస్ఏ, ఆ జాబితాలో లేదు. ఈ తేడా తెలియక వదులుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

స్కిల్డ్ వర్కర్ వీసా వాళ్ళకి ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఉద్యోగం పోయిందని స్పాన్సర్ కంపెనీ హోమ్ ఆఫీస్‌కి చెప్పాక, వీసాను సాధారణంగా 60 రోజులకు కుదిస్తారు. అంతకన్నా తక్కువ గడువే మిగిలి ఉంటే ఆ మిగిలినంతే. జేఎస్ఏ తీసుకోవాలంటే పని చేసే హక్కు, పనికి సిద్ధంగా ఉండటం రెండూ చూపించాలి. కాబట్టి మీకు దొరికే కాలం చిన్నది. ఆ 60 రోజుల్లో మీ మొదటి టెన్షన్ కొత్త స్పాన్సర్ గురించి ఉండాలి, భృతి గురించి కాదు. దరఖాస్తు చేసేముందు ఒక ఇమిగ్రేషన్ సలహాదారుతో మాట్లాడటం మంచిది.

తర్వాత జేఎస్ఏ: ఇది మీరు కట్టిన డబ్బుకి దక్కే హక్కు

జేఎస్ఏకి మీ పొదుపుతో పని లేదు. బ్యాంకులో లక్ష పౌండ్లున్నా, భార్యకో భర్తకో పెద్ద జీతం ఉన్నా ఇస్తారు. 25 ఏళ్ళు, ఆ పైబడినవాళ్ళకి వారానికి 92.05 పౌండ్లు, అంతకన్నా చిన్నవాళ్ళకి 72.90. గరిష్ఠంగా 182 రోజులు, అంటే ఆరు నెలలు. రెండు వారాలకోసారి ఖాతాలో పడుతుంది. దీని మీద ఆదాయ పన్ను లెక్క ఉంటుంది.

జీతాలు బాగా వచ్చినవాళ్ళకి ఇది చిన్న మొత్తంగా కనిపించవచ్చు. కానీ ఆరు నెలలకు లెక్క వేస్తే రెండు వేల మూడు వందల పౌండ్లు దాటుతుంది. పైగా ఆ కాలానికి నేషనల్ ఇన్సూరెన్స్ క్రెడిట్లు, అంటే కట్టకపోయినా కట్టినట్టు రాసుకునేవి, కూడా పడతాయి. రేపు స్టేట్ పెన్షన్ లెక్కలో ఖాళీ లేకుండా చూసేవి ఆ క్రెడిట్లే. నెలనెలా జీతంలోంచి కోసుకున్న ఇన్సూరెన్స్ ఇందుకే. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

అర్హత ఎలా చూస్తారన్నది కొంచెం తిరకాసుగా ఉంటుంది. మీరు దరఖాస్తు చేసే క్యాలెండర్ సంవత్సరానికి ముందు పూర్తయిన రెండు పన్ను సంవత్సరాలు చూస్తారు. 2026లో దరఖాస్తు చేస్తే 2023-24, 2024-25 అన్నమాట. ఈ రెండేళ్ళలో ఒక్కో ఏడాదికి కనీసం 50 వారాల లోయర్ ఎర్నింగ్స్ లిమిట్‌కి, అంటే లెక్కలోకి వచ్చే కనీస సంపాదనకి, సరిపడా క్లాస్ 1 (ఉద్యోగుల) కాంట్రిబ్యూషన్లో, క్రెడిట్లో ఉండాలి. ఆ లిమిట్ రెండేళ్ళలోనూ వారానికి 123 పౌండ్లే. అంటే ఏడాదికి 6,150 పౌండ్ల సంపాదన. దీంతోపాటు ఆ రెండింటిలో కనీసం ఒక ఏడాదిలో 26 వారాలకు సరిపడా అసలు కాంట్రిబ్యూషన్లు ఉండాలి, అక్కడ క్రెడిట్లు చాలవు.

దీన్ని మన పరిస్థితికి అన్వయిస్తే ఇలా ఉంటుంది. 2022 సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కి వచ్చి, సూపర్‌మార్కెట్‌లోనో కేర్ హోమ్‌లోనో పార్ట్‌టైమ్ చేసి, తర్వాత ఫుల్‌టైమ్ ఉద్యోగంలో చేరినవాళ్ళకి ఆ రెండేళ్ళూ నిండి ఉండే అవకాశం ఎక్కువ. పార్ట్‌టైమ్‌లో కట్టింది కూడా లెక్కే. కానీ 2024 చివర్లో నేరుగా ఉద్యోగానికి దిగినవాళ్ళకి 2023-24 ఖాళీగా ఉంటుంది, కాబట్టి 2026లో జేఎస్ఏ రాదు. సొంత కంపెనీ పెట్టుకున్న కాంట్రాక్టర్లు తమకి తాము ఎంత జీతం తీసుకున్నారో చూసుకోవాలి. సెల్ఫ్ ఎంప్లాయిడ్‌గా కట్టే క్లాస్ 2 జేఎస్ఏకి పనికిరాదు. టాక్సీ నడిపేవాళ్ళకీ, డెలివరీ చేసేవాళ్ళకీ ఎక్కువగా ఇక్కడే దెబ్బ తగులుతుంది.

పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ సైట్‌లో మీ పర్సనల్ టాక్స్ అకౌంట్‌లోకి వెళ్తే మీ నేషనల్ ఇన్సూరెన్స్ రికార్డు ఏడాదివారీగా కనిపిస్తుంది. దరఖాస్తుకి ముందు ఒకసారి చూసుకోండి.

వారానికి 16 గంటలకన్నా తక్కువ పని చేస్తున్నా జేఎస్ఏ అడగవచ్చు. కాకపోతే మీ సొంత సంపాదనలో వారానికి మామూలుగా 5 పౌండ్లు మాత్రమే వదిలి మిగతాది కోస్తారు. పెన్షన్ తీసుకుంటున్నవాళ్ళకి వారానికి 50 పౌండ్లు దాటిన మొత్తం కోస్తారు. నోటీసు పీరియడ్‌కి బదులు కంపెనీ డబ్బిస్తే, ఆ కాలం పూర్తయ్యేదాకా జేఎస్ఏ మొదలు కాకపోవచ్చు. ఉద్యోగాల కోతలో తీసేసినప్పుడు ఇచ్చే చట్టబద్ధమైన రిడండెన్సీ పేమెంట్ మాత్రం అడ్డు కాదు. మొదటి ఏడు రోజులు వెయిటింగ్ డేస్ కింద పోతాయి.

ఇప్పుడు యూనివర్సల్ క్రెడిట్: ఇక్కడ ఇల్లంతా లెక్కలోకి వస్తుంది

యూనివర్సల్ క్రెడిట్‌ని మీ ఒక్కరి పేరు మీద చూడరు. కలిసి ఉంటున్న దంపతులైతే ఇద్దరి జీతం, ఇద్దరి పొదుపు, ఇద్దరి ఆస్తి కలిపి చూస్తారు. మీకు ఐఎల్ఆర్ ఉండి, మీ భార్య లేదా భర్త పబ్లిక్ ఫండ్స్ షరతు ఉన్న వీసా మీద ఉంటే, మీరు సింగిల్ రేటులోనే తీసుకోవాలి. కానీ వాళ్ళ ఆదాయమూ ఆస్తీ మాత్రం లెక్కలో కలుపుతారు. కష్టంగా అనిపించినా నియమం అదే.

నెలకి స్టాండర్డ్ అలవెన్స్ ఇలా ఉంటుంది: ఒంటరిగా ఉండి 25 నిండితే 400.14 పౌండ్లు, నిండకపోతే 316.98. దంపతుల్లో ఒక్కరికైనా 25 నిండితే ఇద్దరికీ కలిపి 628.10. దీనికి పిల్లల మొత్తం, అద్దె సాయం కలుస్తాయి. ఇంటి లోన్ వాయిదాకి ఇందులో డబ్బు రాదు. మూడు నెలలు యూనివర్సల్ క్రెడిట్ మీద ఉన్నాక వడ్డీ వరకు ప్రభుత్వం నుంచి అప్పు అడగవచ్చు, అది తర్వాత తీర్చాల్సిందే.

పొదుపు, ఆస్తి విషయానికి వస్తే రెండు గీతలున్నాయి. 6,000 పౌండ్ల వరకు పట్టించుకోరు. 16,000 దాటితే ఒక్క పెన్నీ కూడా రాదు. మధ్యలో ఉంటే, 6,000 పైన ప్రతి 250 పౌండ్లకి, అందులో భాగానికి కూడా, నెలకి 4.35 పౌండ్లు కోస్తారు. ఉదాహరణకి పదివేలుంటే 16 భాగాలు, నెలకి 69.60 పోతాయి. రిడండెన్సీ డబ్బు చేతికొచ్చాక అది కూడా ఈ పొదుపులోనే కలుస్తుంది.

ఇండియాలో ఉన్నది కూడా లెక్కే

ఈ భాగం నెమ్మదిగా చదవండి. మనవాళ్ళు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే.

ఫారంలో అడిగేది బ్రిటన్‌లో ఉన్న ఆస్తి గురించి మాత్రమే కాదు. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, షేర్లు, కోకాపేటలో ఫ్లాటు, విజయవాడలో స్థలం, తాత నుంచి వచ్చిన పొలం, అన్నీ చెప్పాలి. నిబంధనల ప్రకారం విదేశంలో ఉన్న ఆస్తిని అక్కడి మార్కెట్ ధరకే కడతారు. ఆ దేశం నుంచి డబ్బు బయటికి పంపడం నిషేధమైతేనే వేరే లెక్క. ఇండియాలో ఆ నిషేధం లేదు. ఎన్ఆర్ఓ ఖాతా నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా పంపుకునే వీలుంది. అందుకే "అది ఇండియాలో ఉంది, ఇక్కడికి తేలేను" అనే మాట నిలబడదు.

అయితే తగ్గింపులు ఉన్నాయి, అవి అడిగి తీసుకోవాలి. అమ్మడానికి ఖర్చులయ్యే ఆస్తి విలువలో 10 శాతం తీసేస్తారు. ఆ ఆస్తి మీద తీసుకున్న బ్యాంకు లోన్ బాకీ తీసేస్తారు. చేబదుళ్ళు, క్రెడిట్ కార్డు బాకీలు మాత్రం తీయరు, ఎందుకంటే అవి ఆ ఆస్తి మీద తాకట్టు అప్పులు కావు. రూపాయల్ని పౌండ్లలోకి మార్చే బ్యాంకు ఖర్చు కూడా తీసేస్తారు. అన్నదమ్ములతో ఉమ్మడిగా ఉన్నదైతే మీ వాటా మాత్రమే మీది. విభజన కాని ఉమ్మడి వాటాని బయటివాడు పూర్తి ధరకి కొనడు కాబట్టి, దాని విలువ మీద స్థానిక రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత రిపోర్టు తెప్పించి పెట్టండి. రిజిస్ట్రేషన్ ఆఫీసు మార్కెట్ విలువ కాగితం ఒక్కటే సరిపోతుందని అనుకోవద్దు.

పౌండు 110 నుంచి 120 రూపాయల మధ్య ఉంటే, 16,000 పౌండ్లంటే పద్దెనిమిది, పంతొమ్మిది లక్షలు. ఇవాళ హైదరాబాద్ చుట్టుపక్కల ఆ ధరకి చెప్పుకోదగ్గ స్థలమే రాదు. అంటే ఊళ్ళో పేరుకి ఒక ప్లాటు ఉన్న చాలా కుటుంబాలు యూనివర్సల్ క్రెడిట్ గీత దాటిపోతాయి. వాళ్ళకి మిగిలేది జేఎస్ఏ. అందుకే దాన్ని ముందు చెప్పాను.

ఇక లెక్కలోకి రాని వాటి గురించి. మీరు ఉంటున్న ఇల్లు లెక్కించరు. స్టేట్ పెన్షన్ వయసు దాటిన లేదా అనారోగ్యం వల్ల పని చేయలేని దగ్గరి బంధువు తమ ఇల్లుగా ఉంటున్న ఇంటిని కూడా లెక్కించరు. దగ్గరి బంధువుల్లో అమ్మానాన్నలు, అత్తమామలు ఉన్నారు. ఆ వయసు 66 ఏళ్ళు, 2026 నుంచి 2028 మధ్య మెల్లగా 67కి పెరుగుతుంది. గుంటూరులో మీ పేరు మీద ఉన్న ఇంట్లో డెబ్బై ఏళ్ళ మీ నాన్నగారు, అమ్మగారు ఉంటున్నారంటే, ఈ నియమాన్ని పేరుపెట్టి అడగండి. ఆధార్, కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు వంటివి జత చేయండి. ఫారం చూసే అధికారికి ఈ విషయం తనంతట తానుగా తట్టదు.

జీవిత బీమా పాలసీ విలువ లెక్కలోకి రాదు. ఒంటి మీద వేసుకునే బంగారం వ్యక్తిగత వస్తువు కిందకి వస్తుంది, దాన్నీ లెక్కించరు. కానీ పొదుపు తగ్గించి చూపడానికి ఉద్యోగం పోయాక నగలు కొంటే మాత్రం ఆ డబ్బు మీ దగ్గరే ఉన్నట్టు చూస్తారు. పెట్టుబడిగా దాచిన బిస్కెట్లు, నాణేలు నగలతో సమానం కావు.

అమ్మకానికి పెట్టిన ఆస్తికి కొంత వెసులుబాటు ఉంది. నిజంగా అమ్మే ప్రయత్నం మొదలుపెట్టిన నాటి నుంచి మామూలుగా ఆరు నెలల దాకా దాన్ని పక్కన పెడతారు. బ్రోకరుతో జరిగిన వాట్సాప్ సంభాషణలు, ప్రకటన కాపీలు దాచుకోండి. ఆరు నెలలు చాలకపోతే, తగిన కారణం చూపితే పొడిగించవచ్చు.

ఒక పని మాత్రం చేయకండి. భృతి కోసం ప్లాటుని తమ్ముడి పేరునో బావమరిది పేరునో గిఫ్ట్ డీడ్ రాయడం. భృతి పొందాలనే ఉద్దేశంతో ఆస్తి వదిలించుకుంటే, అది ఇంకా మీదే అన్నట్టు లెక్కిస్తారు. ప్లాటు పోయింది, భృతీ రాదు. అదే పొదుపుతో పాత అప్పు తీరిస్తే, లేదా ఆ పరిస్థితిలో అవసరమైన వస్తువు కొంటే తప్పు పట్టరు. రసీదులు ఉంచుకోండి చాలు.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది అనుకునేవాళ్ళకి ఒక మాట. ఇండియా, బ్రిటన్ రెండూ సీఆర్ఎస్ అనే అంతర్జాతీయ ఏర్పాటు కింద ఆర్థిక ఖాతాల సమాచారం మార్చుకునే దేశాలే. తర్వాత బయటపడితే తీసుకున్నదంతా కట్టాలి, పైన జరిమానా పడుతుంది, కావాలనే దాచారని తేలితే కేసు దాకా వెళ్తుంది.

ఒక ఇంటి లెక్క

రెడింగ్‌లో అద్దెకుంటున్న దంపతులు అనుకుందాం. ఇద్దరికీ ఐఎల్ఆర్ ఉంది. 2017 ఏప్రిల్ తర్వాత పుట్టిన పిల్లలు ఇద్దరు. భర్త ఉద్యోగం పోయింది, భార్యకి నెలకి చేతికొచ్చేది 1,800 పౌండ్లు. పొదుపు 9,000. అద్దె సాయం కింద 1,100 ఒప్పుకున్నారు. ఇండియాలో ఆస్తి లేదు.

స్టాండర్డ్ అలవెన్స్ 628.10, పిల్లలకి 292.81 చొప్పున 585.62, అద్దె 1,100. మొత్తం 2,313.72.

పిల్లలున్న ఇల్లు కాబట్టి జీతంలో కొంత వదిలేస్తారు. అద్దె సాయం తీసుకుంటే ఆ వదిలేసేది 411 పౌండ్లు, తీసుకోకపోతే 684. ఇక్కడ 1,800లో 411 పోగా 1,389. అందులో పౌండుకి 55 పెన్నీల చొప్పున 763.95 కోత. మిగిలింది 1,549.77.

భర్తకి జేఎస్ఏ వస్తే నెల లెక్కలో 398.88. అది యూనివర్సల్ క్రెడిట్‌లోంచి పౌండుకి పౌండు పోతుంది. మిగిలింది 1,150.89. పొదుపులో ఆరు వేల పైన ఉన్న మూడు వేలకి 52.20 కోత. చివరికి నెలకి 1,098.69 యూనివర్సల్ క్రెడిట్, పక్కన జేఎస్ఏ.

ఇదే ఇంటికి శంకర్‌పల్లి వైపు నలభై లక్షల ప్లాటు ఉంటే? పది శాతం తీసేసినా 36 లక్షలు. యూనివర్సల్ క్రెడిట్ సున్నా. జేఎస్ఏ మాత్రం అలాగే ఉంటుంది. పిల్లలు లేని ఇంటికైతే ఆ 411 వదిలింపు కూడా సాధారణంగా ఉండదు, జీతం మొదటి పౌండు నుంచే కోత మొదలవుతుంది.

మీ సొంత లెక్క చూసుకోవడానికి టర్న్‌టుఅస్ (Turn2us), ఎన్‌టైటిల్డ్‌టు (entitledto) సైట్లలో ఉచిత కాలిక్యులేటర్లు ఉన్నాయి. పేరు ఇవ్వకుండానే చూసుకోవచ్చు.

దరఖాస్తు

రెండింటికీ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, విడివిడిగా. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, బ్యాంకు వివరాలు, చివరి ఉద్యోగం తేదీలు, పాత కంపెనీ ఇచ్చే పీ45 కాగితం, అద్దె ఒప్పందం, ఈవీసా షేర్ కోడ్ దగ్గర పెట్టుకోండి. పీ45 రాలేదని ఆగొద్దు, తర్వాత ఇవ్వవచ్చు. జేఎస్ఏని తగిన కారణం ఉంటే మూడు నెలల వెనక్కి అడగవచ్చు. యూనివర్సల్ క్రెడిట్‌కి వెనక్కి వెళ్ళే వీలు కొద్ది సందర్భాల్లోనే, అదీ నెల వరకే.

యూనివర్సల్ క్రెడిట్ మొదటి డబ్బు రావడానికి సుమారు ఐదు వారాలు పడుతుంది. దరఖాస్తు చేసిన రోజు నుంచి నెల లెక్క మొదలవుతుంది, ఆ నెలలో ఖాతాలో పడిన జీతమంతా ఆ నెల ఆదాయమే. చివరి జీతం, వాడుకోని సెలవుల డబ్బు రెండు మూడు రోజుల్లో పడబోతుంటే, అది పడిన మర్నాడు దరఖాస్తు చేయడం కొన్ని ఇళ్ళకి లాభం. ఎక్కువ రోజులుంటే ఆగితే నష్టం. తేల్చుకోలేకపోతే సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ వాళ్ళ హెల్ప్ టు క్లెయిమ్ సేవకి ఫోన్ చేయండి, ఉచితం.

ఐదు వారాలు గడవకపోతే అడ్వాన్స్ అడగవచ్చు. రాబోయే మొదటి నెల మొత్తం దాకా ఇస్తారు, వడ్డీ లేదు, 24 నెలల్లో కోసుకుంటారు.

అదే వారంలో ఇంకో రెండు పనులు. కౌన్సిల్ టాక్స్ తగ్గింపుకి మీ కౌన్సిల్‌కి విడిగా దరఖాస్తు పెట్టండి, యూనివర్సల్ క్రెడిట్‌తో అది తనంతట రాదు. జీతం ఎక్కువని గతంలో చైల్డ్ బెనిఫిట్ ఆపేసుకున్నవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టమనండి. ఏడాది ఆదాయం 60,000 పౌండ్లు దాటినవాళ్ళకే దాని మీద ఛార్జి పడుతుంది. ఇది కూడా పబ్లిక్ ఫండ్సే, కాబట్టి వీసా షరతు ఉన్నవాళ్ళు ముట్టుకోకూడదు.

జాబ్‌సెంటర్‌లో

వర్క్ కోచ్ అనే జాబ్‌సెంటర్ ఉద్యోగితో కూర్చుని క్లెయిమెంట్ కమిట్‌మెంట్, అంటే మీరు చేయాల్సిన పనుల ఒప్పందం, మీద ఒప్పుకోవాలి. యూనివర్సల్ క్రెడిట్‌లో సాధారణంగా వారానికి 35 గంటల ఉద్యోగ వెతుకులాట ఆశిస్తారు. చిన్నపిల్లల బాధ్యత, ఆరోగ్యం ఉంటే ఆ గంటలు తగ్గించమని మొదటి రోజే అడగండి. మీ పాత తరహా ఉద్యోగానికే పరిమితమై వెతుక్కోవడానికి నాలుగు వారాలకు మించి ఇవ్వరు. ఆ తర్వాత వేరే పనులకీ అప్లై చేయమంటారు. ఎక్కడ అప్లై చేశారు, ఎప్పుడు ఇంటర్వ్యూ, అన్నీ మీ ఆన్‌లైన్ ఖాతాలోని జర్నల్‌లో ఆ రోజే రాయండి.

ఉద్యోగం తనంతట మానేసినా, తప్పు చేసి తీసేసినా 91 రోజుల దాకా డబ్బు ఆపవచ్చు. కంపెనీ రిడండెన్సీలో పోయినదానికి ఇది వర్తించదు. ఒత్తిడి పెట్టి రాజీనామా రాయించుకుంటుంటే, సంతకానికి ముందే సలహా తీసుకోండి, మెయిళ్ళు దాచుకోండి.

ఇండియా ప్రయాణం సంగతి. యూనివర్సల్ క్రెడిట్ మీద ఉంటే నెల వరకు దేశం దాటవచ్చు, కానీ వెతుకులాట షరతులు ఆగవు, ముందుగా జర్నల్‌లో చెప్పాలి. దగ్గరి బంధువు చనిపోతే, వెంటనే తిరిగి రావడం సాధ్యం కాకపోతే ఇంకో నెల పొడిగించవచ్చు. జేఎస్ఏ మీద ఉన్నవాళ్ళకి దేశం దాటితే సాధారణంగా ఆ రోజులకి డబ్బు ఆగుతుంది. టికెట్ కొనేముందే అడగండి.

కాదంటే

నిర్ణయం ఉత్తరంలో ఉన్న తేదీ నుంచి ఒక నెలలోపు మాండేటరీ రీకన్సిడరేషన్, అంటే నిర్ణయాన్ని మళ్ళీ చూడమని, అడగాలి. జర్నల్‌లో రాసినా చెల్లుతుంది. ఇంటి విలువ ఎక్కువ కట్టారా, తల్లిదండ్రుల ఇంటి నియమాన్ని పట్టించుకోలేదా, ఒక ఏడాది కాంట్రిబ్యూషన్లు కనిపించలేదన్నారా, ఏది తప్పో ఆ ఒక్కదాన్నే సూటిగా రాసి కాగితం జత చేయండి. అక్కడా కాదంటే ఇంకో నెలలోపు ఫస్ట్ టియర్ ట్రిబ్యునల్‌కి వెళ్ళవచ్చు. ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, తెలుగు దుబాసీ కావాలంటే ఫారంలోనే అడగవచ్చు.